మూడో కాగితం

ఛత్తాబజార్లో ముప్పై ఒక్క ఏళ్లు
పెళ్లి శుభలేఖలు అచ్చేయించిన కళ్లు ఇవి.
వినాయకుడి తొండం మీద పడాల్సిన ఎరుపు
వెంట్రుకవాసి పక్కకి జరిగితే
మిషన్ ఆపించేవాణ్ణి.
"ఎవరు చూస్తరు సేఠ్?" అనేవాడు గఫార్.
నేను చూస్తాను కదా.

ఆ కళ్లతోనే ఒక ఆదివారం
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
ఇంజనీరింగు గైడ్ల కింద
అట్ట ఊడిన అట్లాసులో
అతన్ని చూశాను.
పిండి పూసిన మొహం,
ఒక కనుగుడ్డు ముక్కువైపు తిరిగి,
కాలి బొటనవేలు పైకి లేచి.
ఏ నాటకమో, ఎవరి వేషమో!
నాకు ముందు కనబడింది మాత్రం
పెదవి దాటి బయటికొచ్చిన ఎరుపు.
వెంట్రుకవాసి.

"జపాన్ క్యాలెండర్ బొమ్మ, తీస్కపో"
రెండొందలన్నాడు, నూట ఇరవైకి ఇచ్చాడు.

తర్వాత తెలుసుకున్నాను
రంగుకొక చెక్క అని,
చెక్క మూలన ఒక గాటు ఉంటుందని,
కాగితం ఆ గాటులో ఆనకపోతే
నటుడి పెదవి నటుణ్ణి వదిలేస్తుందని.
ఆ రోజుల్లో గిన్నెడు సేమ్యా ధరకు దొరికేవట.
నాటకం మారితే బొమ్మ పాతబడేది,
మన క్రాస్‌రోడ్స్ గోడల మీద
పోయిన శుక్రవారం మీద ఈ శుక్రవారం
మైదాపిండితో అంటుకున్నట్టు.

ఇప్పుడు పదిహేడున్నాయి నా దగ్గర.
ఎండ తగిలితే నీలం చచ్చిపోతుంది, గోడకి వేయను.
బటర్ పేపరు మడతల్లో, కలరా ఉండల వాసనలో
ట్రంకుపెట్టెలో గుడ్లురుముతుంటారు.
"పట్టుచీరలకు లేని సేవ
ఈ మెల్లకన్నోళ్లకా?" అంటుంది అనసూయ.
ఒకనాడు తనే
ఆడవేషం కట్టిన ఒకతన్ని చాలాసేపు చూసి
మెడ వెనక తెల్లరంగు ఆగిన చోట
తాకకుండా వేలు చూపించి
"మా అక్కకన్నా బాగ తయారైండు" అంది.
ఆ రోజు టీలో చక్కెర ఎక్కువ పడింది.

అట్లాసులో దొరికినవాడి కత్తి
ఎడమ అంచు దాటి బయటికి పోతుంది.
ఎవరి మీదికో?
నడిమి కాగితం ఆరేళ్లకి పుణె నుంచి వచ్చింది,
నాలుగు నెలల పెన్షను తిని.
అందులో ఒకామె లాంతరు పట్టుకుని ఉంది.
కత్తి ఆమె భుజం మీదుగా సాగి
మళ్లీ అంచు దాటింది.
అవతల ఎవరు?
ఇంకో అయిదేళ్లు
రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడల్లా
ఒక్కో రాక్షసుణ్ణి గీసుకున్నాను.

ఫ్రేములు కట్టే మొయినుద్దీన్ చెప్పాడు,
సికింద్రాబాద్‌లో ఒక పార్సీ అమ్మ ఇంట్లో
ఇట్లాంటిదే ఒకటుందని.
పెరిన్ బాయికి ఎనభై దాటాయి.
తాత కోబేలో దూది వ్యాపారం చేశాడట.
అన్న, పుస్తకాలన్నీ తూకానికి అమ్మేసిన ఏడాది
గోడ మీద ఉండబట్టి ఇదొక్కటీ మిగిలిందట.

అక్కడున్నాడు.
రాక్షసుడు కాడు.
కత్తికి ఎదురుగా
ముడిచిన గొడుగు అడ్డం పెట్టిన ఒక సన్నటి మనిషి.
అంతే.
పదకొండేళ్లకి.
నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

మూడు కాగితాల్లోనూ
పై మూల నుంచి నాలుగు వేళ్ల కింద
ఒకే పురుగు తొలిచిన బెజ్జం ఉంది,
ఒకరి సరసన స్లీవులో, ఒకరి లాంతరు వెలుగులో, ఒకరి గొడుగు పిడిలో.
ఇవి ఒక్క ఇంట్లో, ఒకదాని మీద ఒకటి
పడుకున్న రోజులున్నాయనడానికి
ఆ పురుగే సాక్షి.

"అమ్ముతారా?" అన్నాను.
"ఆప్ బేచేంగే క్యా?" అంది.
ఇద్దరం బిస్కెట్ల వైపు చూశాం.

ఇప్పుడు ప్రతి రెండో శనివారం
ట్యూబులో నా ఇద్దర్నీ చుట్టుకుని బస్సెక్కుతాను.
ఆమె కర్టెన్లు దించి, ఫ్యాను ఆపి,
భోజనాల బల్ల మీద తెల్లదుప్పటి పరుస్తుంది.
అంచుకి అంచు ఆనిస్తాను, ఊపిరి బిగబట్టి.
ఒక అరగంట
కత్తి ఎవరి మీదికో తెలిసి ఉంటుంది.
తర్వాత ఎవరి మనుషుల్ని వాళ్లు సర్దుకుంటాం.

పోయిన శనివారం బయట వాన.
గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే
పెరిన్ బాయి, నవ్వకుండా,
"గొడుగు తెచ్చుకున్నారా?" అనడిగింది.